క్యారియరు లేని సైకిళ్ళు

సైకిళ్ళ గురించి ఒక టపా రాద్దామని చాలాకాలంగా అనుకుంటూ వాయిదా వేస్తున్నాను. కారణం బద్ధకం కాదు (అదీ కొంత ఉంది లెండి). రాయబోయేది నేను చేసిన ఒక చిన్న వ్యాపారం గురించి. వ్యాపారం గురించి రాసేవాడికి లాభమొచ్చి ఉంటే గొప్పలు చెప్పుకుంటున్నాడనీ, నష్టమొచ్చి ఉంటే సానుభూతి అడుగుతున్నాడనీ చదివేవాళ్ళు అనుకోవడం సహజం. నాకు రెండూ పెద్దగా రాలేదు గనక ఇప్పుడు ధైర్యం చేస్తున్నాను.

2017 చివరి నుంచి 2020 ఆరంభం దాకా, మూడు చలికాలాల పాటు, ఐరోపా నుంచి వచ్చిన అతిథులను నల్లగొండ, పాలమూరు పల్లెదారుల వెంట సైకిళ్ళ మీద తిప్పాను. అందుకు వాళ్ళు నాకు డబ్బిచ్చారు. ఈ రెండో వాక్యాన్ని మా ఊళ్ళో ఎవరికీ, ముఖ్యంగా మా నాయినకు, అర్థమయ్యేలా చెప్పలేకపోయాను.

మా ఊరు పోచంపల్లికి దగ్గర. 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయాక మాది నల్లగొండ కాదు, యాదాద్రి భువనగిరి అనాలి. పాత పాలమూరేమో మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, ఆపైన 2019లో నారాయణపేట అయింది. నాలుక మాత్రం పాత పేర్లకే అలవాటు పడింది. ఇక్కడ కూడా అవే వాడతాను, మన్నించాలి.

మాది నేత కుటుంబం. అయితే మా నాయిన మగ్గం గుంటలో కన్నా సైకిలు సీటు మీదే ఎక్కువకాలం గడిపాడు. ఇంట్లోవాళ్ళూ, వాడకట్టులో మరో నాలుగిళ్ళవాళ్ళూ చిటికి కట్టి, రంగులద్ది, నేసిన చీరలను మూట కట్టి హైదరాబాదు దుకాణాలకు చేర్చడం, తిరుగుదారిలో నూలూ రంగులూ తేవడం ఆయన పని. పోవడానికి నలభై పైచిలుకు కిలోమీటర్లు, రావడానికి మళ్ళీ అంతే. బస్సు లేక కాదు. బస్సు చార్జీ మిగిలితే ఇంట్లో ఒక పూట కూరకు పనికొచ్చేది. ఆయన సైకిలుకున్న క్యారియరు అంగట్లో దొరికే రకం కాదు. మిస్త్రీ చేత ఇనప పట్టీలు అదనంగా అతికించి, వెనక చక్రానికి రెండు పక్కలా వెడల్పు చేయించుకున్నది. సీటు అందని వయసులో ఫ్రేము త్రికోణంలోంచి కాలు దూర్చి నేను కైంచి తొక్కుడు నేర్చుకున్నది ఆ సైకిలు మీదే. మూట లేనప్పుడు కూడా ఆ క్యారియరు బరువుకు అది వెనక్కి లాగుతూ ఉండేది. వానొస్తే తాను తడిసేవాడు గానీ మూటను తడవనిచ్చేవాడు కాదని అమ్మ ఇప్పటికీ చెబుతుంది. 1991లో ఎవరో వాడి వదిలేసిన లూనా ఒకటి కొన్నాడు. సైకిలును పాత ఇనుము కింద తూకానికి అమ్మేశాడు. ఆ తర్వాత ఆయన సైకిలెక్కగా నేను చూడలేదు.

2006లో ఉద్యోగరీత్యా నెదర్లాండ్స్‌లోని యుట్రెక్ట్ నగరానికి వెళ్ళాను. అక్కడ సైకిలు బీదవాడి గుర్తు కాదు, పర్యావరణవాది జెండా కూడా కాదు. చెప్పుల జతలాంటిది, అంతే. బడిపిల్లలు, ముసలమ్మలు, సూటు తొడుక్కున్న అధికారులు అందరూ దాని మీదే. 2010లో ప్రధాని అయిన మార్క్ రుటే కూడా సైకిలు తొక్కుకుంటూ కార్యాలయానికి వెళ్ళేవాడు. కొత్తలో నన్ను ఆశ్చర్యపరిచింది అది కాదు, కూడళ్ళ దగ్గరి అంకెలు. సైకిలుదారులు కలిసే ప్రతి చోటా ఒక చిన్న పలక, దాని మీద ఒక సంఖ్య ఉంటాయి. ఇంటి దగ్గర బయలుదేరేముందు 23, 41, 17, 60 అని చీటీ మీద రాసుకుంటే చాలు, పటం అక్కర్లేదు, దారి అడగనక్కర్లేదు. ఈ ఏర్పాటు పక్కనున్న బెల్జియంలో, లింబర్గ్ ప్రాంతంలో, 1995లో మొదలైంది. దానికి ఆద్యుడు గనుల ఇంజనీరు హ్యూగో బోలెన్. భూమి లోపల చీకట్లో దారితప్పకుండా పెట్టుకున్న ఆలోచన, భూమి పైన ఆదివారపు షికారుకు పనికొచ్చిందన్నమాట.

ఆ షికార్ల మోజులో పడి సెలవురోజుల్లో ఒక చిన్న యాత్రాసంస్థ దగ్గర దారి చూపేవాడిగా కుదురుకున్నాను. ఈ పనిలో బలం కన్నా ఓపిక ముఖ్యమని అక్కడే తెలిసింది. దారి చూపేవాడు అందరికన్నా ముందు పోకూడదు. ముందు పోయేవాడికి వెనక ఏం జరుగుతోందో తెలియదు. గుంపులో చివరన ఆయాసపడుతున్న మనిషి వేగమే గుంపు వేగం. ఆ మనిషికి ఆ సంగతి తెలియనివ్వకపోవడమే పనితనం. ఎక్కడ మూత్రవిసర్జనకు ఆగాలో తెలియనివాడికి ఎన్ని కోటల చరిత్ర తెలిసినా ప్రయోజనం లేదు. మన చరిత్రాభిమానులు ఈ ముక్కకు కోప్పడకూడదు, నేనూ అదే కులంవాణ్ణి.

పదేళ్ళ తర్వాత ఇంటికి తిరిగి వచ్చేద్దామనుకున్నప్పుడు అక్కడి సహోద్యోగి ఒకాయన, ఆ సంస్థలో నాతోపాటు సెలవుదినాల దారిచూపరి, ఈ ఆలోచన ముందుకు తెచ్చాడు. అతిథులను తాను అక్కడ సమకూర్చుతాడు, నేను ఇక్కడ తిప్పుతాను. ఏడాదికి నాలుగు యాత్రలు, యాత్రకు ఎనిమిది మందికి మించకూడదు. కేరళ, రాజస్థాన్‌లలో అప్పటికే ఇలాంటివి ఉన్నాయి. "మీ ఊళ్ళో ఏముంది?" అని అడిగాడు. నేను తడుముకున్నాను. రాళ్ళున్నాయి, చెరువులున్నాయి, ఎండ ఉంది అన్నాను. "మా దగ్గర ఆ మూడూ లేవు కదా!" అన్నాడాయన.

నాయినతో చెప్పిన రోజు బాగా గుర్తుంది. అన్నం తింటున్నాడు. చివరిదాకా విన్నాడు. చెయ్యి కడుక్కుని వచ్చి, "నేను తొక్కింది నువ్వు తొక్కొద్దనే గదరా నిన్ను సదివిచ్చింది," అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే వాదించేవాణ్ణి.

కాగితాల సంగతి త్వరగా ముగిస్తాను, అది ఎవరికీ రుచించే విషయం కాదు. ఐరోపాలో యాత్రలు అమ్మేవాళ్ళకు 2018 జులై 1 నుంచి కొత్త నియమావళి అమలులోకి వచ్చింది. సంస్థ దివాలా తీస్తే అతిథుల సొమ్ము తిరిగి ఇచ్చే పూచీ ముందే చూపించాలి. చేయి ఖాళీగా ఉన్న ఇద్దరు మనుషులకు అది చిన్న మాట కాదు. మన వైపు అప్పట్లో ఇంకో తిరకాసు ఉండేది. విదేశీయుణ్ణి రాత్రి ఇంట్లో ఉంచుకున్నవారెవరైనా, సత్రమైనా సొంత ఇల్లైనా, ఇరవైనాలుగు గంటల్లోగా 'సి' ఫారం దాఖలు చేయాల్సి ఉండేది. నేతగాళ్ళ ఇళ్ళలో అతిథులకు బస ఏర్పాటు చేద్దామని ఎంతో కవిత్వంగా ఊహించుకున్న నేను, ఆ ఇళ్ళ యజమానుల చేత అంతర్జాలంలో ఆ ఫారం నింపించలేక మొదటి ఏడాదికి ఆ కవిత్వాన్ని అటకెక్కించాను. అతిథులు పట్టణాల్లోని లాడ్జీల్లోనే పడుకున్నారు.

సైకిళ్ళు ఎనిమిది కొన్నాం. ఇరవైనాలుగు గేర్లవి, ఒక్కొక్కటి ముప్పై వేల పైచిలుకు. సామాన్లు వెనక వచ్చే టాటా ఏస్ బండిలో వస్తాయి గనక వాటికి క్యారియర్లు పెట్టించలేదు. బరువు తగ్గుతుంది, చూడ్డానికీ బాగుంటాయి. ఇంటి ముందు వరసగా నిలబెట్టినప్పుడు వాడకట్టంతా వచ్చి చూసింది. నాయిన కూడా వచ్చి, ఒకదాని సీటు మీద చెయ్యేసి, వెనక్కి చూసి, "క్యారియరేది?" అన్నాడు. లేదన్నాను. "మరి దేనికిది?" అన్నాడు. నేను ఊరుకున్నాను.

తొలిదశలో దారులు వెతకడానికి నాలుగు నెలలు పట్టింది. భువనగిరి ఏకశిలా గుట్ట దగ్గర మొదలై, పోచంపల్లి, చౌటుప్పల్, సంస్థాన్ నారాయణపురం మీదుగా రాచకొండ పాదాలకు, అక్కణ్ణుంచి మునుగోడు మీదుగా నల్లగొండ, పానగల్లు, తర్వాత దేవరకొండ, కల్వకుర్తి, నాగర్‌కర్నూల్, చివరికి కొల్లాపురం దాటి కృష్ణ ఒడ్డున సోమశిల చేరాలి. పటం మీద అందమైన గీత. నేల మీద మొదటి గండం చౌటుప్పల్ దగ్గరే ఉంది. అక్కడ హైదరాబాదు, విజయవాడల మధ్య 65వ నంబరు జాతీయ రహదారిని దాటాలి. ఆరు రోజుల యాత్రలో నాకు నిజంగా గుండె దడదడలాడింది ఆ నూరడుగుల దగ్గరే. రెండో గండం పల్లేరుకాయలు. డచ్చివాళ్ళ ఖరీదైన టైర్లు గాజుపెంకులకు తట్టుకున్నాయి గానీ మన పల్లేరుకు తలవంచాయి. మొదటి యాత్రలో ఒక్కరోజే పదకొండు పంక్చర్లు. మా ఊరి మిస్త్రీ మామను వెంట తీసుకెళ్ళకపోతే ఆ రోజే వ్యాపారం మూసేయాల్సి వచ్చేది. ఆయన మాత్రం ఆ గేర్ల చక్రాలను చూసి, "ఇన్ని పండ్లు పెట్టుకొని ఏం నముల్తది ఇది?" అని రోజుకోసారి అనేవాడు.

మూడోది నేను ఊహించనిది. కూడళ్ళలో అంకెల ముచ్చట నన్ను వదల్లేదు. నాగర్‌కర్నూల్ వైపు పల్లెల్లో మలుపు మలుపుకూ రాతి మీదో మైలురాయి మీదో పసుపు రంగుతో చిన్న అంకెలు వేసుకుంటూ వెళ్ళాను. రెండో రోజు ఒక ఊళ్ళో పాతిక మంది చుట్టుముట్టారు. గొడవేమీ చెయ్యలేదు, మంచినీళ్ళు ఇచ్చారు, కూర్చోమన్నారు. అందులో పెద్దాయన ఒకాయన, "సారూ, మా సర్వే నంబరు ఎంతల పడ్డది? కాలువకా, రోడ్డుకా?" అని అడిగాడు. 2015 జూన్‌లో పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతలకు శంకుస్థాపన జరిగినప్పటి నుంచి ఆ చుట్టుపక్కల రంగుడబ్బా పట్టుకున్న మనిషి కనిపిస్తే చాలు, భూమి పోతుందని భయం. సైకిళ్ళ కోసమని చెప్పాను. నమ్మలేదు. నేనైనా నమ్మేవాణ్ణి కాదు. ఆ సాయంత్రమే వెనక్కి వెళ్ళి, వేసిన అంకెలన్నీ కిరసనాయిలు గుడ్డతో తుడిచాను. ఆ తర్వాత మా దారి గుర్తులన్నీ ఆ ఊరి గుర్తులే: వేపచెట్టు కాడ ఎడమకు, ఎల్లమ్మ గుడి దాటాక కుడికి.

2017 నవంబరులో మొదటి జట్టు దిగింది. ఆరుగురు. అందరూ అరవై దాటినవాళ్ళే. విశ్రాంత ఉపాధ్యాయ దంపతులు, ఒక నర్సు, ఒక రైతు, ఒక అక్కాచెల్లెళ్ళ జత. తెల్లవారుజామున ఆరింటికి బయలుదేరి పదకొండుకల్లా ఆరోజు తొక్కుడు ముగించేవాళ్ళం. తర్వాత ఎండలో పనేమీ పెట్టుకునేవాళ్ళం కాదు. సీతాఫలాల కాలం ఇంకా పూర్తిగా పోలేదు. పాలమూరు సీతాఫలాన్ని ఎలా తినాలో తెలియక గింజలతో సహా నోట్లో పోసుకుని బిక్కమొహం వేసిన ఆ నర్సు, యాత్ర చివరిరోజున గంపెడు కొనుక్కుంది. రోడ్ల మీద ఆరబోసిన వడ్ల పక్కనుంచి, ఒక్క గింజ తొక్కకుండా, ఒకరి వెనక ఒకరుగా పోవడం వాళ్ళకు నేను నేర్పిన మొదటి పాఠం. పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం గర్భగుడిలో పగలంతా కదలకుండా నిలిచే స్తంభపు నీడను చూసి ఆ రైతు బయటికెళ్ళి, ఎండ ఎటునుంచి వస్తోందో చూసి, మళ్ళీ లోపలికొచ్చి, ఇలా నాలుగైదుసార్లు తిరిగాడు. కుందూరు చోళుల శిల్పులు సాధించిన ఆ పని కన్నా, గుడి పక్కనున్న ఉదయసముద్రం కట్ట ఆయన్ను ఎక్కువగా ఆకట్టుకుంది. సముద్రమట్టం కన్నా పల్లంలో ఉన్న నేలలో పుట్టినవాడు కదా. "మేం కట్టలు కట్టేది నీళ్ళను బయట ఉంచడానికి, మీరు కట్టింది లోపల ఉంచడానికి," అన్నాడు. నేను నల్లగొండలో పెరిగి కూడా చెరువుకట్టను ఎప్పుడూ అలా చూడలేదు.

అన్నీ ఇలాంటి ముచ్చట్లే అయితే బాగుండేది. మునుగోడు దాటాక ఒక ఊళ్ళో టీకొట్టు దగ్గర ఆగాం. ఫ్లోరైడు నీళ్ళతో వెన్ను వంగిపోయి, కాళ్ళు వంకరపోయిన ఒకాయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నా వయసువాడే. జట్టులో ఒకావిడ, తప్పుడు ఉద్దేశం ఏమీ లేకుండానే, ఫోటో తీసుకోవచ్చా అని నన్ను అడిగింది. ఆయన్ను అడగమన్నాను. అడిగింది. ఆయన నన్ను చూసి, "చానమంది తీస్కపోయిన్రు, తియ్యమనండ్రి," అన్నాడు. ఆవిడ తీయలేదు. ఆ రాత్రి ఆవిడకు నీళ్ళలోని ఫ్లోరైడును పటికతోనూ సున్నంతోనూ తగ్గించే పద్ధతి గురించి, నాగపూర్‌లోని జాతీయ సంస్థ రూపొందించిన ఆ విధానానికి 'నల్లగొండ టెక్నిక్' అని మా జిల్లా పేరే ఉండటం గురించి చెప్పాను. లోకమంతా వైద్య, జలశాస్త్ర గ్రంథాల్లో మా ఊరి పేరు అలా నిలబడింది. చెబుతూంటే నా గొంతులో ఏదో గర్వంలాంటిది ధ్వనించింది, అది నాకే నచ్చలేదు. తర్వాతి యాత్ర నుంచి ఆ ఊరిని దారిలోంచి తప్పించాను. చూపిస్తే ప్రదర్శన, తప్పిస్తే దాచడం. ఏది సరైనదో నాకు ఇప్పటికీ తేలలేదు. దారి మాత్రం ఆరు కిలోమీటర్లు పెరిగింది.

ఈ దారుల్లో డబ్బున్న యాత్రికులు తిరగడం కొత్తేమీ కాదు. 1830 మే నెలలో చెన్నపట్నంలో బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు కృష్ణ దాటి, వనపర్తి, జడ్చర్ల మీదుగానే హైదరాబాదు చేరారు. పల్లకీలో. కాశీయాత్ర చరిత్రను నేను చాలాసార్లు చదివాను, అతిథులకు దాని గురించి చెప్పేవాణ్ణి. దాన్ని చదివినప్పుడల్లా ఆ పల్లకీని మోసిన బోయీల భుజాలు ఎలా ఉండేవో అనిపిస్తుంది. వాళ్ళు ఈ గుట్టలను ఎలా చూశారో మనకు రాసిపెట్టినవాళ్ళు లేరు. సైకిలు యాత్రలో ఎవరి బరువు వాళ్ళే మోసుకుంటారు గదా, అందులో ఒక న్యాయం ఉంది కదా అని నాకు నేను చెప్పుకునేవాణ్ణి. వెనకాల టాటా ఏస్‌లో పెట్టెలు వస్తున్నాయన్న సంగతి అలాంటప్పుడు గుర్తుకు రాకుండా జాగ్రత్తపడేవాణ్ణి.

పోచంపల్లిలో ఎలాగూ ఆగాలి. మొదట వినోబా మందిరానికి తీసుకెళ్ళేవాణ్ణి. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే అక్కడ దళితులకు ఎనభై ఎకరాలు కావాలని అడిగితే, వెదిరె రామచంద్రారెడ్డి నూరెకరాలు ఇస్తానని లేచిన చోటు. ఆయన కాలినడకన వచ్చాడని చెబితే అతిథులు తమ సైకిళ్ళ వంక కాస్త సిగ్గుగా చూసుకునేవారు. తర్వాత మగ్గాలు. అక్కడి నుంచి మా ఇంటికి టీకి. అది కార్యక్రమంలో భాగమని ముద్రించిన కాగితంలో ఉండేది: 'నేత కుటుంబంతో తేనీరు'. ఆ కుటుంబం మాదేనని నేను చెప్పేవాణ్ణి కాను, అమ్మ చెప్పేసేది.

రెండో చలికాలంలో, 2018 డిసెంబరులో, అలాంటి ఒక టీ వేళ నాయిన మొదటిసారి నోరు విప్పాడు. అప్పటిదాకా అతిథులు వస్తే పెరట్లోకి వెళ్ళిపోయేవాడు. ఆ రోజు వచ్చి కుర్చీ వేసుకుని కూర్చుని, "ఒక్కొక్కరు ఎంతిచ్చిన్రో అడుగు," అన్నాడు. అడగాల్సిన పని లేదు, నాకు తెలుసు. విమానం ఖర్చు కాక పదకొండు వందల యూరోలు. అప్పటి లెక్కన ఎనభై ఎనిమిది వేల రూపాయలు. నేను అతిథులతో డచ్చిలో వాతావరణం గురించి ఏదో మాట్లాడి, తిరిగి నాయినతో "ఎనిమిది వేలంట" అన్నాను. ఆయన తలాడించాడు. ఆ ఎనిమిది వేలే ఆయనకు ఎక్కువగా తోచింది. ఎదురుగా కూర్చున్న పెద్దావిడ, ఏమడిగారని నన్ను అడిగింది. మీరు అలసిపోయారా అని అడిగాడని చెప్పాను. ఒక్క నిమిషంలో రెండు భాషల్లో రెండు అబద్ధాలు.

ఆవిడ అలసిపోలేదని చెప్పి, మీరు ఎప్పుడైనా సైకిలు తొక్కారా అని నాయినను అడిగింది. ఇది మాత్రం నిజంగానే అనువదించాను. నాయిన చాలాసేపు చెప్పాడు. మూట ఎంత బరువుండేదో, దాన్ని కట్టే తాడు ఎక్కడ ముడి వేయాలో, దిల్‌సుఖ్‌నగర్ ఇంకా ఇంతగా పెరగనప్పుడు ఎక్కడెక్కడ చింతచెట్లుండేవో, ఎదురుగాలి ఏ నెలలో ఎటునుంచి వీచేదో. ఎదురుగాలి అన్నమాట రాగానే ఆరుగురూ ఒకేసారి నవ్వారు. గాలి సంగతి డచ్చివాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. నాయినకు ఆ నవ్వు ఎందుకో అర్థం కాలేదు గానీ ఆయన కూడా నవ్వాడు. నలభయ్యేళ్ళలో ఇవన్నీ నాతో ఒక్కసారి చెప్పలేదు. నేను అడగలేదు కూడా.

ధర సంగతి రెండు నెలల తర్వాత బయటపడింది. టాటా ఏస్ నడిపే కుర్రాడికి లెక్కలు తెలుసు, వాడు ఎక్కడో అన్నాడు. నాయిన నన్నేమీ అడగలేదు. పంచాంగం వెనక పేజీలో పెన్సిలుతో వేసుకున్న లెక్క ఒకటి నా కంటబడింది. ఎనభై ఎనిమిది వేలను ఎనిమిదితో గుణించాడు. కింద, ఆయన రోజుల్లో హైదరాబాదు ట్రిప్పుకు మిగిలే కూలి రాసి, దానితో భాగించాడు. వచ్చిన సంఖ్య చుట్టూ గీత గీశాడు. దాన్ని ఇక్కడ రాయను.

మూడు చలికాలాల్లో పదకొండు యాత్రలు, అరవై నాలుగు మంది అతిథులు. జీతాలు, సైకిళ్ళు, పూచీ సొమ్ము, అన్నీ పోను ఇద్దరికీ మిగిలింది మూడో ఏడాదిలోనే, అదీ స్వల్పం. సోమశిలలో యాత్ర ముగిసేది. ఆ చివరి సాయంత్రం కృష్ణలో పడవ మీద అందరూ మౌనంగా ఉండేవారు. ఆ నీళ్ళ కింద శ్రీశైలం జలాశయంలో మునిగిన ఊళ్ళున్నాయని నేను మొదట్లో పడవలోనే చెప్పేవాణ్ణి. తర్వాత తర్వాత ఒడ్డు చేరాక చెప్పడం అలవాటు చేసుకున్నాను.

ఆఖరి జట్టు 2020 ఫిబ్రవరిలో వెళ్ళింది. మార్చి 13న పర్యాటక వీసాలు నిలిచిపోయాయి, 25న దేశమే తాళం వేసుకుంది. తర్వాతి నవంబరుకు డబ్బు కట్టినవాళ్ళకు నా భాగస్వామి అణాపైసలతో తిరిగిచ్చాడు. ఎనిమిది సైకిళ్ళూ మా ఇంటి వసారాలో గొలుసు వేసి ఉన్నాయి.

భువనగిరి చుట్టుపక్కల ఇటుక బట్టీల్లో ఒడిశా నుంచి వచ్చిన కూలీలు ఏటా పనిచేస్తారు. ఆ ఏప్రిల్ నెలాఖరులో ఒకరోజు పొద్దున్నే ఏడుగురు కుర్రాళ్ళు మా గేటు దగ్గర నిలబడ్డారు. సైకిళ్ళున్నాయని ఎవరో చెప్పారట. కొంటామన్నారు. హిందీలో, గేటు బయటే నిలబడి, మూతికి తువ్వాళ్ళు కట్టుకుని. వాళ్ళ ఊరు నువాపడా జిల్లాలో. ఏడెనిమిది వందల కిలోమీటర్లుంటుంది. ఇంకో నాలుగు రోజులు ఆగమన్నాను, ఏదో ఒక ఏర్పాటు జరుగుతుందన్నాను. (జరిగింది కూడా. మే 1న లింగంపల్లి నుంచి హటియాకు వలసకూలీల మొదటి రైలు కదిలింది. కానీ అది ఆ రోజు వాళ్ళకూ నాకూ తెలియదు. తెలిసినా అందులో వాళ్ళకు చోటుండేదని చెప్పలేను.) ఎంతకిస్తారని మళ్ళీ అడిగారు. వాళ్ళ దగ్గరున్నదంతా కలిపినా ఒక సైకిలు ఖరీదు కాదు.

నేను లోపలికెళ్ళి గొలుసు తాళంచెవి వెతుకుతున్నాను. నిజం చెప్పాలంటే నాకు ఇంకా మనసు కుదరలేదు, తాళంచెవి దొరక్కపోతే బాగుండునని కూడా ఒక మూల అనిపించింది. సైకిళ్ళలో సగం సొమ్ము నాది కాదు, భాగస్వామిని అడగాలి, అక్కడ ఇంకా తెల్లవారలేదు. బయటికొచ్చేసరికి నాయిన మిస్త్రీ మామకు ఫోన్ చేస్తున్నాడు. "క్యారియర్లు కావాలె. ఏడు. నీ దగ్గరున్నయ్ అన్నీ పట్టుకరా, పాతయైనా సరే," అంటున్నాడు.

మిస్త్రీ మామ దుకాణం మూసి నెల దాటింది. గోనెసంచిలో అయిదు క్యారియర్లు తెచ్చాడు. ఆ సన్నని అల్యూమినియం ఫ్రేములకు మన ఇనప క్యారియర్లు బిగించడానికి చోటు లేదు. తీగలతో, సైకిలు ట్యూబు ముక్కలతో కట్టారు ఇద్దరూ కలిసి. మిగతా రెండింటికి మగ్గం చెక్కలు అడ్డంగా వేసి నాయినే కట్టాడు. మధ్యాహ్నం రెండు దాటింది. ఆ కుర్రాళ్ళు తమ సంచులను క్యారియర్ల మీద పెట్టుకోబోతుంటే ఆయన వద్దని, తానే ఒక్కొక్కటీ కట్టి, తాడు ఎక్కడ ముడి వేయాలో ఒక్కొక్కడికీ చూపించాడు. ఆయనకు హిందీ అంతంతమాత్రం. అయినా ముడి వేసే విద్యకు భాషతో పనేముంది? అమ్మ సద్దిరొట్టెలు మూటలు కట్టింది. వాళ్ళు డబ్బు తీసుకోమని బలవంతం చేశారు. సైకిలుకు నూరు రూపాయల చొప్పున ఏడు నూర్లు నాయిన తీసుకున్నాడు. నేను వద్దనబోతే నా వైపు ఒక చూపు చూశాడు. ఊరికే తీసుకోవడం వాళ్ళకు ఇష్టం లేదని ఆయనకు అర్థమైంది, నాకు కాలేదు.

ఆ సాయంత్రం భాగస్వామికి ఫోన్ చేసి చెప్పాను. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, రోజుకు ఎంత తొక్కుతారట అని అడిగాడు. నూరు కిలోమీటర్లయినా తొక్కుతామన్నారని చెప్పాను. నలభై దగ్గర ఆపమని చెప్పి ఉండాల్సింది అన్నాడు. అది మా వృత్తిలోని పాత మాట. ఇద్దరం నవ్వబోయి ఆగిపోయాం.

పర్యాటక వీసాలు 2021 నవంబరులో మళ్ళీ తెరుచుకున్నాయి. ఆ నెలలోనే పోచంపల్లిని ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల జాబితాలో చేర్చింది. యాత్రలు మళ్ళీ మొదలుపెట్టమని చాలామంది అడిగారు, ఇప్పటికీ అడుగుతున్నారు. భాగస్వామికి మోకాలి శస్త్రచికిత్స అయింది. నేను హైదరాబాదులో మళ్ళీ ఉద్యోగంలో చేరాను. మొదలుపెడతానో లేదో తెలియదు. పెడితే మాత్రం సైకిళ్ళకు క్యారియర్లుంటాయి.

ఆ ఏడుగురిలో ఆరుగురి సంగతి నాకు తెలియదు. ఒకడు మాత్రం మే రెండో వారంలో ఫోన్ చేశాడు. ఊరు చేరారా అని ఆత్రంగా అడిగాను. చేరాం, చేరి మూడు రోజులైంది, ఊరి బయట బడిలో ఉంచారు అని తేలిగ్గా చెప్పేసి, అసలు సంగతికొచ్చాడు. గేరు మార్చినప్పుడల్లా చైను పడిపోతోంది, ఏం చేయాలి? నేను డెరైల్లర్ మరను ఎటు తిప్పాలో హిందీలో వివరించడానికి నానా తంటాలు పడుతుంటే, పక్కన మంచం మీద వింటున్న నాయిన అందుకున్నాడు.

"నడుమ చక్రం మీద పెట్టి, ఇంక దాన్ని ముట్టుకోవద్దని చెప్పు."